వెండితీగ కుట్లు: డాక్టర్ మారియన్ సిమ్స్ జీవితం

గుంటూరులోనో, కాకినాడలోనో, వరంగల్లులోనో వైద్యం చదువుకుని అమెరికా వచ్చిన మన డాక్టర్లలో సిమ్స్ పేరు తెలియనివారు ఉండరు. స్త్రీల వార్డులో వాడే పరికరాల్లో సిమ్స్ స్పెక్యులం ఒకటి. రెండు కొసలా బాతుముక్కులా వంగి ఉండే లోహపు పరికరం అది. రోగిని ఎడమ పక్కకు తిప్పి మోకాళ్ళు ముడిచి పడుకోబెట్టే పద్ధతికి సిమ్స్ పొజిషన్ అని పేరు. గర్భసంచి జారిందనో, మూత్రం ఆగడం లేదనో వచ్చిన స్త్రీని పరీక్షించడానికి ఈ రెండూ నేటికీ పనికొస్తున్నాయి. అయితే ఆ పేరు గల మనిషి ఎవరో, ఆయనకు ఆ పేరు రావడానికి ఒళ్ళప్పగించిన స్త్రీలు ఎవరో పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పలేదు. మనం కాపురాలు పెట్టుకున్న ఈ దేశంలోనే జరిగిన కథ ఇది. వైద్యులే కాదు, అమ్మ, అక్క, భార్య, కూతురు ఉన్న ప్రతి ఒక్కరూ తెలుసుకోదగ్గ కథ.

జేమ్స్ మారియన్ సిమ్స్ 1813 జనవరి 25న దక్షిణ కరొలైనా రాష్ట్రంలోని లాంకాస్టర్ కౌంటీలో పుట్టాడు. కొడుకు లాయరు కావాలని తండ్రి కోరిక, చర్చిలో పాదిరి కావాలని తల్లి కోరిక. 1832లో కాలేజీ చదువు ముగించుకుని వచ్చిన కొడుకు ఆ రెండూ కాదని వైద్యం చదువుతానన్నాడు. ఆ రోజుల్లో అమెరికాలో వైద్యవృత్తికి ఇప్పుడున్న గౌరవం లేదు. తండ్రి బాగా నొచ్చుకున్నాడు. చార్లెస్టన్‌లో కొంత, ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ మెడికల్ కాలేజీలో మిగతాది చదివి 1835లో పట్టా పుచ్చుకున్నాడు సిమ్స్. సొంత ఊళ్ళో పెద్ద రేకు బోర్డు కట్టి ప్రాక్టీసు పెట్టాడు. మొదట వచ్చిన ఇద్దరు రోగులూ పసిపిల్లలే. ఇద్దరూ చనిపోయారు. ఆ బోర్డును ఊడబెరికి పాడుబడ్డ బావిలో పారేసి, ఊరు వదిలి పశ్చిమాన ఉన్న అలబామాకు వెళ్ళిపోయాడు.

అక్కడ పల్లెల్లో కొన్నేళ్ళు వైద్యం చేసి, 1836లో థెరిసా జోన్స్‌ను పెళ్ళాడి, 1840లో మాంట్‌గామరీ పట్టణంలో స్థిరపడ్డాడు. మెల్లకన్ను సరిచేయడం, వంకరపాదాలు సరిచేయడం వంటి ఆపరేషన్లతో పేరు తెచ్చుకున్నాడు. పత్తి పొలాల మీద బతికే ప్రాంతం అది. పొలాల్లో పనిచేసేది బానిసలు. సిమ్స్ రోగుల్లో చాలామంది బానిసలే. వారి వైద్యానికి డబ్బు ఇచ్చేది యజమానులు. బానిస మంచాన పడితే యజమానికి పని పోతుంది, బానిస స్త్రీ బిడ్డను కంటే యజమానికి ఆస్తి పెరుగుతుంది. వైద్యుడి కత్తికీ యజమాని లెక్కల పుస్తకానికీ అంత దగ్గర సంబంధం ఉన్న కాలం అది. ఇంకో చిత్రమేమిటంటే, అప్పటికి సిమ్స్‌కు స్త్రీల రోగాలంటే గిట్టేది కాదు. అటువంటి కేసులు వస్తే వేరే డాక్టరు దగ్గరికి పంపేసేవాడు.

1845 వేసవిలో పట్టణానికి మైలు దూరంలో ఉన్న వెస్కాట్ అనే ఆసామి పొలానికి ఆయనకు పిలుపు వచ్చింది. అనార్కా అనే పదిహేడేళ్ళ పిల్ల మూడు రోజులుగా నొప్పులు పడుతోంది. బిడ్డ తల కటిలో ఇరుక్కుపోయింది. సిమ్స్ ఫోర్సెప్స్ వేసి కాన్పు చేశాడు. అనార్కా బతికింది. కానీ కొద్ది రోజుల్లోనే ఆమెకు మూత్రం, మలం రెండూ అదుపు లేకుండా కారిపోవడం మొదలైంది. అది ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే తప్ప ఈ కథ అర్థం కాదు.

బిడ్డ తల కదలకుండా గంటల తరబడి ఇరుక్కుపోయినప్పుడు, తల్లి యోని గోడా మూత్రాశయమూ బిడ్డ తలకూ ముందున్న కటి ఎముకకూ మధ్య నలిగిపోతాయి. అక్కడికి రక్తం అందదు. నలిగిన కండ చచ్చిపోయి, పురుడయిన నాలుగైదు రోజులకు ఊడి వస్తుంది. మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం పడుతుంది. వెనక వైపు మలద్వారం గోడ కూడా దెబ్బతినవచ్చు. దీన్నే ఫిస్టులా అంటారు. మూత్రం రాత్రీ పగలూ చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంటుంది. ఒళ్ళు ఒరిసి పుండ్లు పడతాయి. వాసనకు ఎవరూ దగ్గరికి రారు. ఇంత నరకం పడిన తల్లికి చాలాసార్లు బిడ్డ కూడా దక్కదు. ప్రాణం మాత్రం పోదు. పదిహేడేళ్ళ పిల్ల అలాగే ఇంకో నలభై యాభై ఏళ్ళు బతకాలి.

ఆ రోజుల్లో దీనికి వైద్యం లేదనే అందరూ నమ్మారు. వర్జీనియాలో మెటావర్ అనే డాక్టరు 1838లో సీసపు తీగతో ఒక ఫిస్టులాను మూసిన మాట నిజమే గాని, అది నలుగురికీ అబ్బిన పద్ధతి కాలేదు. సిమ్స్ కూడా పుస్తకాలు తిరగేసి, ఇది తన వల్ల కాదని యజమానికి చెప్పేశాడు. ఆ కొద్ది రోజుల్లోనే అదే బాధతో ఇంకో ఇద్దరు వచ్చారు. బెట్సీ పదిహేడు పద్దెనిమిదేళ్ళది, ముందటేడే పెళ్ళయింది. లూసీకీ ఇంచుమించు అదే వయసు. ఇద్దరూ బానిసలే. ఇద్దరికీ అదే జవాబు చెప్పి వెనక్కి పంపడానికి సిమ్స్ సిద్ధపడ్డాడు.

సరిగ్గా అప్పుడే మెరిల్ అనే ఒక తెల్లజాతి స్త్రీ గుర్రం మీది నుంచి పడిందని కబురొచ్చింది. ఆమె గర్భసంచి వెనక్కి మళ్ళిపోయి విపరీతమైన నొప్పి పెడుతోంది. ఆమెను మోకాళ్ళ మీద వంచి, ఛాతీ పరుపుకు ఆనేలా ఉంచి, వేళ్ళతో సరిచేయబోతే లోపలికి గాలి చొరబడి యోని బుడగలా విచ్చుకుంది, గర్భసంచి తన చోటికి తాను జరిగింది. సిమ్స్ బుర్రలో ఏదో వెలిగింది. ఇలా గాలి నిండితే లోపలి గోడ అంతా కంటికి కనపడాలి గదా! కనపడితే కుట్టవచ్చు గదా! తిరుగు దారిలో దుకాణంలో ఒక తగరపు చెంచా కొన్నాడు. ఇంకా తిరిగి వెళ్ళని బెట్సీని అదే భంగిమలో ఉంచి, చెంచా కాడను వంచి లోపలికి పెట్టి చూశాడు. అంతవరకూ ఏ డాక్టరూ సరిగా చూడలేకపోయిన రంధ్రం ఆయనకు పట్టపగలులా కనిపించింది. ఆ వంకర చెంచాయే తర్వాత సిమ్స్ స్పెక్యులం అయింది.

ఇక ఆయన ఆగలేదు. ఇంటి పెరట్లో చిన్న ఆసుపత్రి కట్టాడు. యజమానులతో ఒప్పందం చేసుకున్నాడు. తిండీ వసతీ వైద్యమూ తన ఖర్చు, బట్టలూ పన్నులూ యజమానుల ఖర్చు, ప్రాణం మీదికి వచ్చే ప్రయోగం చేయడు. ఈ ఒప్పందంలో అనార్కా, బెట్సీ, లూసీలు ఎక్కడా లేరు. వారు కావాలనే ఆపరేషన్లకు ఒప్పుకున్నారని సిమ్స్ రాసుకున్నాడు. నిజంగా బాగవ్వాలని వారికి ఆశ ఉండే ఉంటుంది. అంత బాధలో ఎవరికి ఉండదు? కానీ వద్దు అనే హక్కు లేని మనిషి సరే అన్నదానికి ఎంత విలువ కట్టాలి? చట్టం దృష్టిలో ఆమె ఒళ్ళు ఆమెది కాదు.

మొదటి ఆపరేషన్ లూసీకి. పది పన్నెండు మంది డాక్టర్లు చుట్టూ చేరి చూస్తుండగా గంటసేపు జరిగింది. మత్తు లేదు. రంధ్రం చాలావరకు మూసుకుంది గానీ, మూత్రం బయటికి రావడానికి మూత్రాశయంలో పెట్టిన స్పాంజి ముక్క రాయిలా గట్టిపడి ప్రాణం మీదికి తెచ్చింది. ఆమె కోలుకోవడానికి రెండు మూడు నెలలు పట్టింది. అప్పటి నుంచి సిమ్స్ స్పాంజి మానేసి, జారిపోకుండా లోపలే నిలిచే వంకర లోహపు గొట్టం తయారుచేశాడు. ఆపరేషన్ తర్వాత మూత్రాశయం ఖాళీగా ఉండాలి, కుట్టుమీద ఒత్తిడి పడకూడదు అన్న సూత్రం లూసీ బాధలో నుంచి పుట్టింది. నేటి ఫిస్టులా వైద్యంలోనూ కేథటర్ కొన్నాళ్ళు ఉంచేది అందుకే.

తర్వాత బెట్సీ, ఆ తర్వాత అనార్కా, మళ్ళీ లూసీ. ఇలా ఒకరి తర్వాత ఒకరికి నాలుగేళ్ళు. వీరితో బాటు ఇంకొందరు బానిస స్త్రీలు ఉన్నారు, వారి పేర్లు మనదాకా రాలేదు. పట్టుదారంతో వేసిన కుట్లు ప్రతిసారీ చీము పట్టేవి, పక్కన సన్నటి రంధ్రాలు మిగిలిపోయేవి. మొదట్లో వింతగా చూడవచ్చిన డాక్టర్లు ఒక్కొక్కరే రావడం మానేశారు. సాయం పట్టేవాళ్ళు లేకుండా పోయారు. బావమరిది, అతనూ డాక్టరే, ఇక ఆపమని, ఇంటిల్లిపాదినీ ముంచుకోవద్దని చెప్పాడు. అప్పుడు సిమ్స్ ఆ స్త్రీలకే పని నేర్పాడు. ఒకరికి ఆపరేషన్ జరుగుతుంటే మిగతావారు పట్టుకునేవారు, పరికరాలు అందించేవారు, తర్వాత మంచం దగ్గర కనిపెట్టుకుని ఉండేవారు. ఈ దేశంలో స్త్రీల శస్త్రవైద్యంలో తొలి సహాయకులు ఎవరని అడిగితే ఈ బానిస స్త్రీలను లెక్కలోకి తీసుకోకుండా జవాబు చెప్పలేం.

ఒకరోజు పెరట్లో నడుస్తుంటే సిమ్స్‌కు సన్నటి ఇత్తడి తీగ ముక్క దొరికింది. అలాంటి తీగనే వెండితో తీయమని ఊళ్ళోని నగల పనివాడికి పురమాయించాడు. ముడి వేయడానికి వీలుకాని లోతులో తీగ కొసలను బిగించడానికి చిన్న సీసపు గుండ్లు వాడి నొక్కేశాడు. 1849లో ఈ వెండితీగ కుట్లతో అనార్కాకు ఆపరేషన్ చేశాడు. ఆమెకు అది ముప్ఫయ్యవ ఆపరేషన్. వారం తర్వాత చూస్తే వాపు లేదు, చీము లేదు, మూత్రం నీళ్ళలా తేటగా ఉంది, రంధ్రం మూసుకుంది. కొద్ది వారాల్లో బెట్సీకీ లూసీకీ అలాగే నయమైందని ఆయన రాశాడు. ముగ్గురినీ యజమానుల దగ్గరికి తిరిగి పంపేశాడు. వారు మళ్ళీ బానిసలుగానే వెళ్ళారు.

మత్తు సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. బోస్టన్‌లో ఈథర్ మత్తుతో ఆపరేషన్ చేసి చూపించింది 1846 అక్టోబరులో. మరుసటి ఏడు క్లోరోఫారం వచ్చింది. లూసీ తొలి ఆపరేషన్ నాటికి ఇవి లేవు, నిజమే. కానీ తర్వాత మూడేళ్ళు ఉన్నాయి. కొత్తదనీ ప్రమాదమనీ చాలామంది డాక్టర్లు అప్పట్లో వాడలేదు. సిమ్స్ తర్వాతి కాలంలో కూడా ఈ ఆపరేషన్ నొప్పి మత్తు ఇచ్చేటంత పెద్దది కాదన్నట్టే మాట్లాడాడు. నల్లవారికి నొప్పి తక్కువ తెలుస్తుందన్న తప్పుడు నమ్మకం అప్పటి వైద్యుల్లో బలంగా ఉంది. ఆపరేషన్ అయ్యాక మాత్రం నల్లమందు ఇచ్చేవాడు. అది నొప్పికీ, మలం కొన్నాళ్ళు బిగబట్టి కుట్టును కాపాడటానికీ పనికొచ్చేది. ముప్ఫై ఆపరేషన్లు అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, ఒక్కొక్కటీ విడిగా తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

1852లో సిమ్స్ తన పద్ధతిని ఫిలడెల్ఫియా వైద్యపత్రికలో ప్రకటించాడు. మానని విరేచనాల జబ్బుతో చిక్కిపోయి, గాలి మార్పు కోసం 1853లో న్యూయార్క్ చేరాడు. అక్కడి డాక్టర్లు ఆయన దగ్గర పని నేర్చుకున్నారు గానీ చోటివ్వలేదు. నగరంలోని ప్రముఖ మహిళలు పూనుకుని డబ్బు పోగుచేసి 1855లో మాడిసన్ అవెన్యూలో ఒక అద్దె ఇంట్లో విమెన్స్ హాస్పిటల్ ప్రారంభించారు. స్త్రీల రోగాలకే ప్రత్యేకించిన ఆసుపత్రి ఈ దేశంలో అదే మొదటిదంటారు. మొదట్లో అక్కడికి వచ్చినవారిలో కరువుకు తట్టుకోలేక ఐర్లండు నుంచి వలస వచ్చిన నిరుపేద స్త్రీలు ఎక్కువ. తర్వాత పార్క్ అవెన్యూ దగ్గర దానికి పెద్ద భవనం కట్టారు. ఇప్పుడు ఆ స్థలంలో ఉన్నది వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్.

అంతర్యుద్ధం మొదలైన 1861లో, దక్షిణాది పక్షపాతి అయిన సిమ్స్ ఐరోపాకు వెళ్ళాడు. పారిస్‌లో మహామహులైన సర్జన్ల ముందు ఫిస్టులా ఆపరేషన్ చేసి చూపించాడు. ఫ్రాన్సు మహారాణి యూజినీకి వైద్యం చేశాడు. 1866లో గర్భసంచి శస్త్రవైద్యం మీద పెద్ద గ్రంథం రాశాడు. మూత్రాశయం యోనిలోకి జారినప్పుడు ముందుగోడను బిగించి కుట్టే పద్ధతి కూడా ఆయన చేసిన పనుల్లో ఉంది. 1870లో ఫ్రాన్సు, ప్రష్యా యుద్ధంలో గాయపడ్డ సైనికులకు సేవచేశాడు. విమెన్స్ హాస్పిటల్‌లో కాన్సర్ రోగులను చేర్చుకోకూడదన్న నియమం, ఆపరేషన్ చూసేందుకు పదిహేను మందికి మించి రాకూడదన్న నియమం ఆయనకు నచ్చలేదు. గొడవపడి 1874లో రాజీనామా చేశాడు. 1876లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా ఉన్నాడు. 1883 నవంబరు 13న న్యూయార్క్‌లో గుండెపోటుతో కన్నుమూశాడు. ఆత్మకథ మరుసటి ఏడు అచ్చయింది. అనార్కా, బెట్సీ, లూసీల పేర్లు లోకానికి మిగిలింది ప్రధానంగా ఆ పుస్తకం వల్లనే.

1894లో న్యూయార్క్‌లో ఆయన కంచు విగ్రహం నిలబెట్టారు. 1934లో దాన్ని సెంట్రల్ పార్కు అంచున, ఫిఫ్త్ అవెన్యూ 103వ వీధి దగ్గరకు మార్చారు. ఆధునిక స్త్రీవైద్యానికి తండ్రి అన్నారు. చరిత్రకారులు ఆత్మకథనే మళ్ళీ చదివి, ఆ ముగ్గురి వైపు నుంచి ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాక కథ మారింది. బాధలో ఉన్నవారికి వైద్యం దొరకని చోట దొరికేలా చేశాడనీ, వారు బాగుపడాలని కోరుకున్నారనీ కొందరు వైద్యులు ఆయన పక్షాన వాదించారు. అడగాల్సినవారిని అడగకుండా చేసింది వైద్యం ఎలా అవుతుందని రెండో పక్షం అడిగింది. 2018 ఏప్రిల్ 17న నగరపాలక సంస్థ ఆ విగ్రహాన్ని దించేసింది, ఆయన సమాధి ఉన్న బ్రూక్లిన్ గ్రీన్‌వుడ్ శ్మశానవాటికకు తరలించాలని నిర్ణయించింది. 2021లో మాంట్‌గామరీలో మిషెల్ బ్రౌడర్ అనే కళాకారిణి పాత ఇనుము, పారేసిన లోహపు వస్తువులు అతికి అనార్కా, బెట్సీ, లూసీల నిలువెత్తు విగ్రహాలు చేసి నిలబెట్టింది. వారికి స్త్రీవైద్యానికి తల్లులు అని పేరు పెట్టింది.

ఏది న్యాయం? సిమ్స్ చెంచా వంచకపోతే, వెండితీగ తీయించకపోతే లక్షలాది స్త్రీలకు ఆ నరకం ఇంకెన్నాళ్ళు ఉండేదో. అది ఆయనకు దక్కాల్సిన మాటే. కానీ ఆ చెంచా పెట్టింది ఎవరి ఒంట్లో, ఆ తీగ గుచ్చింది ఎవరి కండలో అన్నది దాచిపెడితే ఆ మాట సగమే అవుతుంది. మన పెద్దలు రుణం అనే మాటను తేలిగ్గా వాడరు. స్త్రీల వైద్యం ఈ ముగ్గురికి రుణపడి ఉంది. ఆ రుణం తీర్చే దారి కూడా ఒకటే: రోగిని అడగడం, వివరంగా చెప్పడం, ఒప్పుకోనంటే ఆగడం, నొప్పి అంటే నమ్మడం.

ఆ దారిలో నడిచినవారూ ఉన్నారు. సుఖప్రసవం కానప్పుడు సకాలంలో సిజేరియన్ దొరికే దేశాల్లో ఈ జబ్బు దాదాపు మాయమైంది. ఆఫ్రికాలో, ఆసియాలో మాత్రం ఏటా 50,000 నుంచి 1,00,000 మంది స్త్రీలు దీని పాలబడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆస్ట్రేలియా డాక్టరు కాథరిన్ హామ్లిన్, న్యూజిలాండ్‌లో పుట్టిన ఆమె భర్త రెజినాల్డ్ 1974లో ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబాలో ఫిస్టులా ఆసుపత్రి కట్టారు. వారి దగ్గరికి 1962లో మామిటూ గాషే అనే పల్లెటూరి పిల్ల ఇదే గాయంతో వచ్చింది. చదువు రాదు. అక్కడే ఉండి మొదట పక్కలు సర్దింది, తర్వాత పరికరాలు అందించింది, చివరికి తానే ఆపరేషన్లు చేసే సర్జన్ అయి డాక్టర్లకు నేర్పింది. అనార్కాకు దక్కనిది మామిటూకు దక్కింది. తేడా చేతి నైపుణ్యంలో లేదు, ఒకరు స్వేచ్ఛ లేనిదీ ఇంకొకరు స్వేచ్ఛ ఉన్నదీ కావడంలో ఉంది.

చివరగా మన ఇళ్ళ సంగతి. ఫిస్టులా మన మధ్య అరుదే కావచ్చు. కాన్పుల వల్లా వయసు వల్లా కటి అడుగుభాగపు కండరాలు సడలి గర్భసంచి జారడం, దగ్గినా తుమ్మినా మూత్రం పడిపోవడం మాత్రం అరుదు కాదు. మనవల్ని చూడటానికి వచ్చిన అమ్మ పార్టీకి రానంటుంది, గుడికి వెళితే గంటలో ఇంటికి పోదామంటుంది, లాంగ్ డ్రైవ్ అంటే భయపడుతుంది. కారణం అడిగితే ఏం లేదమ్మా, వయసు కదా అంటుంది. సిగ్గుతో ఏళ్ళ తరబడి గుడ్డలు మార్చుకుంటూ గడుపుతుంది. దీనికి కండరాల వ్యాయామం ఉంది, పెసరీ అనే రింగు ఉంది, అవసరమైతే ఆపరేషన్ ఉంది. యూరోగైనకాలజీ అనే ప్రత్యేక వైద్యశాఖే ఉంది. గర్భసంచి తీసేయడం ఒక్కటే దారి కాదు, ఏ దారి అన్నది ఆమె తెలుసుకుని తేల్చుకోవాలి. కూతుళ్ళూ కోడళ్ళూ మెల్లగా, నలుగురిలో కాకుండా, అడిగి చూడండి. అనార్కాను ఎవరూ అడగలేదు. మన అమ్మల్ని అడగడానికి మనకు అడ్డేమీ లేదు.